తెరామె

మొన్న మంగళవారం చాకలిరేవు మీద పొగ లేవలేదు. మా పెరట్లోంచి రేవు కనబడదు గానీ, బట్టలు ఉడకబెట్టే బానల పొగ కనబడుతుంది. పొద్దు బారెడెక్కినా అది లేకపోయేసరికి మా అమ్మ సణగడం మొదలుపెట్టింది. ఇంతలో పాలుపోసే ఆమె వచ్చి చెంబు దించి, "తెరామె పోయిందమ్మా, కోడికూతకు" అని చెప్పింది. మా అమ్మ "అయ్యో పాపం" అంది. పాలు పోయించుకోవడం అయ్యేలోగానే "మరి మన బట్టల మూట యాడున్నదో" అని కూడా అంది. నేను అరుగు మీద కూర్చుని దస్తరం రాసుకుంటున్నాను. చేతిలో కలం ఆగిపోయింది. ఎవరూ చూడలేదు. ఇలాంటివి ఎవరి కంటా పడకుండా చూసుకోవడం ఈ ఏడేళ్లలో నాకు బాగా అలవాటైంది.

ఆమెకు పేరు ఉండే ఉంటుంది. నేను ఈ ఊరి పట్వారీని. ఏ చెలక ఎవరిదో, ఏ బావిలో ఎవరికెంత వంతో, ఏ గట్టు మీది చింతకాయ ఎవరు దులుపుకోవాలో అంతా నా దగ్గర రాసి ఉంది. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. ఊరంతా తెరామె అనేది, నేనూ అలాగే అన్నాను. పోయిన మనిషి గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే పేరు దగ్గరే చతికిలబడ్డాను. ఇప్పుడు వెళ్లి అడగవచ్చు. బతికుండగా అడగనివాడిని ఇప్పుడు అడిగితే నవ్వుతారు, నవ్వాలి కూడా.

మా ఊరు గద్వాలకూ వనపర్తికీ నడుమ, కృష్ణ ఒడ్డున. మాఘమాసంలో రథం లాగిన మర్నాటి నుంచి ఏడు రోజులు ఆటలు. యక్షగానం, హరికథ, కోలాటం, భజన మేళాలు వచ్చేవి. బల్మూరు, ఉప్పునుంతల నుంచి కూడా జనం బండ్లు కట్టుకొని దిగేవారు. అన్నిటికన్నా ముందు తోలుబొమ్మలాట పడాలి, అది పడితేనే మిగతావి. బొమ్మలాటవాళ్లు బొమ్మలు తెచ్చుకుంటారు, దీపం తెచ్చుకుంటారు, తెర మాత్రం తెచ్చుకోరు. తెర ఊరు ఇవ్వాలి. ఊరి తరఫున చాకలి ఇల్లు ఇవ్వాలి. గుంజలు ఆ ఇంటి మగవాళ్లు పాతుతారు, తెర కట్టేది ఆ ఇంటి పెద్ద ఆడమనిషి. ఆమె అత్త కట్టింది, అత్త పోయాక ఆమె కట్టింది.

తెర అంటే అంగట్లో చించి తెచ్చిన బట్ట కాదు, మా పంచెలే. ఉతకడానికి వచ్చిన మూటల్లోంచి తెల్లనివి ఏరి, తుమ్మముళ్లతో అంచుకు అంచు గుచ్చి కలిపేది. బట్ట ఎలా ఉందో చేత్తో పట్టి చూసేది కాదు, చెంపకు ఆనించుకునేది. ఎందుకని పట్వారీ కొడుకునైన నేను అడిగితే "చేతులు కాయలు కాసినయి గద సిన్న పంతులూ, ఆటికేం తెలుస్తది" అని చెంప చూపించేది. ఎవరి పంచె ఎక్కడ పడిందో ఆమెకు కంఠతా వచ్చు. ఆట మర్నాడు పెద్దపటేలు చావడిలో కూర్చుని ఉంటే, నెత్తిన మూటతో పోతూ పోతూ ఆగి, "పటేలా, రాత్రి రాక్షసుడు నీ పంచె మీదనే కూలిండు, నీది రెండు మార్లు బానకెయ్యాలె" అనేది. పటేలు మీసాల్లో నవ్వేవాడు. ఊళ్లో పటేలుతో అలా మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు. అదీ ఆటల రోజుల్లోనే.

ఆమె ఆట చూసేది కాదు. తెర వెనక, బొమ్మలవాళ్ల పక్కన, చమురు గిన్నె పట్టుకుని కూర్చునేది. అయినా ఏ ఆట ఎలా పడిందో ఆమెకు తెలిసినంత ముందు కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదు. మర్నాడు రేవులో తెర విప్పి, ఎక్కడ మసి పట్టిందో, ఎక్కడ చమురు చింది పడిందో చూసి, "ఇయ్యేడు పెండ్లి ఘట్టం తొందరగ లాగేసిండ్రు, ఈడ మసే లేదు సూడు" అనేది. ఒకసారి హాస్యగాడి బొమ్మ తన తెరకు చిల్లి పెట్టిందని మేళం పెద్దను రేవు దాకా పిలిపించి చివాట్లు పెట్టింది. ఆయన తెల్లమీసాల ముసలాయన, చేతులు కట్టుకుని విన్నాడు.

ఎందుకు విన్నాడో చెప్పాలి. తెర కట్టడం అయ్యాక ఆమె నీళ్లు చిలకరించి, దీపం ముట్టించి, పక్కకు జరిగి నిలబడేది. ముందు వరసలో పటేలు, పూజారి, వనపర్తి నుంచి వచ్చిన పెద్దమనుషులు; వెనక ఊరంతా. అందరూ గప్‌చుప్. మేళం పెద్ద తెరకు దండం పెట్టి ఆమె వైపు తిరిగి, "తల్లీ, ఆట కట్టమంటవా?" అని అడిగేవాడు. ఆమె వెంటనే జవాబు చెప్పేది కాదు. కొంగు సర్దుకునేది, ఒకసారి పై ముడి చూసేది, నోట్లో పొగాకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చేది. అప్పుడు అనేది: "కానియ్యుండ్రి." అంతే, మద్దెల మీద దెబ్బ పడేది.

ఏడాది మొత్తంలో ఊరు ఊరంతా ఆమె చెప్పినట్టు వినే మాట అదొక్కటే. మిగతా మూడువందల చిల్లర రోజులూ అందరూ చెప్పేవాళ్లే, ఆమె వినేదే. ఆ ఒక్క సాయంత్రం పటేలు కూడా కాలు మీద కాలు వేసుకుని ఆమె మాట కోసం కాసుకుని ఉండాలి. నా చిన్నప్పుడు ఆమె కావాలనే ఆలస్యం చేస్తుందని నాకు అనుమానం. ఇప్పుడు అనుమానం లేదు, చేసేది. చేయకపోతే పిచ్చిదన్నట్టే.

ఇంకో ఆచారం ఉంది. దాని వల్లనే ఈ రాత. తెర మీద బొమ్మ ఏదైనా చనిపోతే, రాక్షసుడు కానీ రాజు కానీ, ఆ తెరను మళ్లీ ఆట కట్టే లోపల ఉతికి తీరాలి. అది మైలబట్ట. ఊళ్లో చావు మైల ఉతికేదీ వాళ్లే, పురిటి మైల ఉతికేదీ వాళ్లే. నా పురిటిబట్టలు ఉతికింది ఆమె. నేను హైదరాబాదులో చదివి వచ్చి, క్రాపు దువ్వుకుని, అంగీ గుండీలు మెడ దాకా పెట్టుకుని తిరుగుతుంటే అందరి ముందూ అనేది: "నిన్ను ఉతికి ఆరేసిన దాన్ని నేను, నా ముంగట నీ షోకులేంది." నాకు ఒళ్లు మండేది. నవ్వేవాడిని.

యుద్ధం మొదలైన ఏడు ఆటలకు సినిమా కూడా తెప్పించాలని పటేలుకు బుద్ధి పుట్టింది. గద్వాలలో ఎక్కడో చూసి వచ్చాడు. అప్పటికి మా నాయన మంచం పట్టి ఉన్నాడు. పట్వారీగిరీ నాకు వస్తుందా, మా పెదనాయన కొడుక్కు పోతుందా అన్నది పటేలు నోటి మాట మీద ఉంది. అందుకని ఆటల కమిటీకి రాతకోతలన్నీ నేనే నెత్తిన వేసుకున్నాను. రాయచూరు నుంచి ఒక సినిమా ఆయనను మాట్లాడుకుని వచ్చింది కూడా నేనే. ఆయన రెండు బండ్ల మీద ఆయిలు ఇంజను, మిషను, ఒక పెద్ద వెదురుకు చుట్టిన తెర వేసుకుని వచ్చాడు. మొదటి రాత్రి ఎప్పటిలా బొమ్మలాట, మర్నాటి నుంచి రోజూ దీపాలవేళకు సినిమా, అది అయ్యాక యక్షగానం అని నిర్ణయం.

సినిమా ఆయన దిగీదిగగానే నన్ను పక్కకు పిలిచి ఒకే ఒక్క మాట చెప్పాడు. ఆ తెరకు మందు పూసి ఉందని, సుద్ద, జిగురు, ఏదో వెండి పొడి కలిపి మూడు పూతలు వేయించానని, దానివల్లే బొమ్మ మెరుస్తుందని, దానికి తడి తగలకూడదని. "నీరు ముట్టబారదు, తెలిసిందాండీ?" అన్నాడు. తెలిసిందన్నాను. వనపర్తి పెద్దమనుషులకు కుర్చీలు ఎన్ని కావాలో లెక్కేసుకుంటూ అన్నాను.

ఏ తెరైనా కట్టే హక్కు ఆమెదే కాబట్టి ఆమెను పిలిచాం. సినిమా వాళ్లు ఆమెను ముట్టనివ్వలేదు, తాళ్ల కొసలు మాత్రం పట్టుకోమన్నారు. ఆమె ఒకసారి చెంప ఆనించి వెనక్కి తీసుకుంది. "ఇదేం బట్ట సిన్న పంతులూ, బూడిద పూసినట్టున్నది. ఉతికి ఎన్నేండ్లయిందో" అంది. నేను నవ్వాను. దీపాలవేళ అయ్యింది. ఆమె నీళ్ల చెంబుతో పక్కన నిలబడింది. సినిమా ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంజను తిప్పాడు, అది దడదడలాడింది, బొమ్మ పడింది. ఆమె చెంబు పట్టుకుని ఇంకా నిలబడే ఉంది. కాసేపటికి ఎవరో "పక్కకు జరుగవ్వా, నీడ పడుతుంది" అన్నారు.

ముందు వైపు ఊరివాళ్లు కూర్చున్నారు. కింది వాడ కూలీ జనం తెర వెనక కూర్చోవాలని కమిటీ తీర్మానం. రెండు వైపులా బొమ్మ ఒకటేనని, అటు కూర్చున్నా ఇటు కూర్చున్నా తేడా లేదని పటేలు డప్పు వేయించాడు. మామూలు బట్టయితే అది నిజమే. కానీ ఆ మూడు పూతల మందు వెలుగును వెనక్కి పోనివ్వలేదు. వెనక కూర్చున్న రెండు వందల మందికి ఒక బూడిదరంగు బట్ట, దాని అవతలి నుంచి మాటలు, పాటలు, ఏడుపులు. అయినా వాళ్లు కూర్చున్నారు, రెండు రోజులు. తెరామె కూడా అలవాటు ప్రకారం తెర వెనకే కూర్చుంది.

రెండో రోజు సినిమాలో ఒక పిల్లవాడు బావిలో పడి చనిపోతాడు. తల్లి చాలాసేపు ఏడుస్తుంది. ముందు వైపు ఆడవాళ్లంతా కొంగులు తడుపుకున్నారు. వెనక వైపు వాళ్లకు ఏడుపు ఒక్కటే వినిపించింది.

మూడో రోజు పొద్దున్నే ఆమె మా వాకిట్లోకి వచ్చింది. నేను వనపర్తికి పంపాల్సిన కబురు కాగితం రాస్తున్నాను.

"సిన్న పంతులూ, రాత్రి తెర మీద పిల్లగాడు పోయిండంట గద."

"అది బొమ్మ."

"మా ఆటల గూడ బొమ్మనే సస్తది. ఇయ్యాల మల్ల ఆ బట్ట మీదనే పెండ్లి సూపిస్తరంట. సావు సోకిన బట్ట మీద పెండ్లి ఎట్ల జేస్తరు? బట్ట నాది గాదు, సినిమాయనది. ఆయన పండుకున్నడు. అందుకే నిన్ను అడగొచ్చిన. ఉతకన్నా?"

చూడండి, ఆమె అడిగింది. తనది కాని బట్ట ముట్టేముందు ఎవరిని అడగాలో వాళ్లనే అడిగింది. నీరు తగలకూడదని చెప్పించుకున్న ఒకే ఒక్క మనిషిని నేను. ఆ మాట నాకు గుర్తు రాలేదా అంటే, ఎక్కడో లీలగా వచ్చినట్టే ఉంది. కానీ కాగితం మీద 'మహారాజశ్రీ' తర్వాత ఎవరి పేరు ముందు రాయాలో తేలక సతమతమవుతున్నాను. "ఉతుకుపో, నీ పనే గద. పొద్దుగాల నా పానం తినకు" అన్నాను. తలైనా ఎత్తలేదు.

ఆమె ఉతికింది. చౌడు నీళ్లలో నానబెట్టి, బానలో ఉడకబెట్టి, బండ మీద బాది, మళ్లీ బానకు వేసి, ఇసుకలో ఆరేసింది. ఎంత ఉతికినా బూడిద వస్తూనే ఉందని ముగ్గురు కోడళ్లనూ పిలిచి ఉతికించిందట. మధ్యాహ్నం తిరిగాక నెత్తిన పెట్టుకుని తెచ్చి తనే కట్టింది. ఇంతకాలం ఆ మనిషిని చూశాను గానీ అంత సంబరపడడం ఎప్పుడూ చూడలేదు. "ఇప్పుడు సూడు సిన్న పంతులూ, మల్లెపువ్వు లెక్క లేదూ?" అంది. తెర నిజంగానే మల్లెపువ్వులా ఉంది. సినిమా ఆయన చెప్పిన మాట అప్పుడు పూర్తిగా గుర్తొచ్చింది.

తెల్లవార్లూ యక్షగానం చూసి పడుకున్న సినిమా ఆయన అప్పుడు లేచి వచ్చి చూసి, తెరను రెండు చేతులా పట్టుకుని, "ఏన్రీ ఇదు? యార్ తొళెద్రు?" అని గొల్లుమన్నాడు. ఎవరు ఉతికారంటూ ఊరంతా తిరిగాడు. ఇంకో తెర లేదు. వనపర్తి వాళ్లు వచ్చి కూర్చున్నారు. చేసేది లేక ఆ తెర మీదే బొమ్మ వేశాడు.

బొమ్మ ముందు వైపు కొంచెం పాలిపోయింది, అంతకన్నా ఏమీ కాలేదు. కానీ ఆట మొదలైన కాసేపటికి తెర వెనక నుంచి ఒక్కసారిగా నవ్వు వినిపించింది. పెళ్లికొడుకు తలపాగా జారిపోయే చోట ఇటూ నవ్వారు, అటూ నవ్వారు. ముందువాళ్లు నవ్వు ఆపి చెవులు రిక్కించారు. మళ్లీ ఇంకోచోట అటు నుంచి ఈలలు. అప్పుడు అర్థమైంది అందరికీ. మేము చూస్తున్నదే వాళ్లూ చూస్తున్నారు. మా ముందు వరసలో ఒక పెద్దమనిషి మెల్లగా లేచి, శాలువా దులుపుకుని, "మంచి ఏర్పాటు చేసిండ్రు పటేలా" అని వెళ్లిపోయాడు. పటేలు మొహం నేను చూడలేదు, చూడడానికి ధైర్యం లేదు.

మర్నాడు పొద్దున చావడిలో పంచాయితీ. పటేలు, పూజారి, అంగడి సేటు, సినిమా ఆయన కూర్చున్నారు. తీర్మానం రాయడానికి కాగితం, కలంతో నేను. చావడి బయట, మెట్ల కింద ఆమె, వెనక ఆమె పెద్దకొడుకు. పటేలు నవ్వే పటేలు కాదు ఆ రోజు.

"ఎవరు ఉతుకుమన్నరే నిన్ను?"

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు, బతిమాలి కూడా కాదు. మేళం పెద్ద అడిగాక మద్దెలవాడు తన వైపు చూస్తుంటే ఎలా నిలబడేదో అలా, ఇప్పుడు నీ వంతు అన్నట్టు చూసి ఊరుకుంది. నేను చెప్తానని ఆమెకు అనుమానం కూడా లేదనుకుంటాను. నేను కలాన్ని సిరాలో ముంచాను. ముంచి, కొస మీద వెంట్రుక ఏదో ఉన్నట్టు తీశాను. వెంట్రుక లేదు.

"నిన్నే అడిగేది. బీచుపల్లి అంజన్న మీద ఒట్టేసి చెప్పు. ఎవరన్న చెప్పిండ్రా, నీ బుద్ధికే చేసినవా?"

ఆమె ఇంకొంచెం ఆగింది. ఆ ఆగిన సేపు ఎంతో నాకు తెలుసు. పటేలుకు, పూజారికి అది ఒక ముసలిది నీళ్లు నమలడం. తర్వాత అంది: "ఒట్టెందుకు పటేలా. ఉతికింది నేను. సావు సోకిన బట్ట, ఉతికిన. సాలదా?"

ఒట్టు వేయలేదు, అబద్ధమూ చెప్పలేదు, నా పేరూ ఎత్తలేదు. ఆమె కొడుకు మెట్టు మీద కాలు వేయబోతే మోచేత్తో వెనక్కి నెట్టింది.

తీర్మానం నా చేతి రాతే. తన స్వబుద్ధితో, ఎవరి అనుమతి లేకుండా తెరను పాడుచేసినందున, ఇకమీదట ఆటల్లో ఏ తెరా ఆ ఇంటివాళ్లు కట్టరాదు, ఆటల మైదానంలో అడుగుపెట్టరాదు. 'స్వబుద్ధితో' అన్న మాట పటేలు చెప్పలేదు. నేనే చేర్చాను. రాతలో బిగువు ఉండాలని చేర్చాను. రాసి, సిరా ఆరడానికి ఇసుక చల్లి, చదివి వినిపించాను. ఆమె విని, "ఇగ మరి ఆట ఎవరు కానియ్యమంటరు?" అని అడిగింది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. సేటు నవ్వాడు.

ఆ సాయంత్రానికల్లా తెర వెనక గోనెసంచులు విప్పి కుట్టించారు. వెలుగు వెనక్కి పోతే ముందు బొమ్మ పాలిపోతుందని సినిమా ఆయన కారణం చెప్పాడు. కారణం సరైనదే. దగ్గరుండి కుట్టించింది నేను. కింది వాడవాళ్లు వచ్చారు, గోనె చూశారు, కాసేపు కూర్చుని లేచి వెళ్లిపోయారు. ఆ ఏడు నాయన పోయాడు, పట్వారీగిరీ నాకు వచ్చింది.

తర్వాత సంగతి ఇన్నాళ్లూ మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఆటలు అయిన వారానికి మూట వచ్చింది. ఆమె కొడుకు తెచ్చి అరుగు మీద పెట్టిపోయాడు. అమ్మ చీరలు, నాయన పంచెలు తెల్లగా ఉన్నాయి. నా అంగీ, నా పంచె మాత్రం నేను వేసిన మడతలోనే, అదే సిరా మరకతో, అదే చెమట వాసనతో ఉన్నాయి. పొరపాటనుకున్నాను. మళ్లీ వేశాను. మళ్లీ అలాగే వచ్చాయి. మూడోవారం అర్థమైంది. ఎవరికి చెప్పుకోను? చెప్తే ఎందుకని అడుగుతారు. మా తోట బావి దగ్గర, ఊరి పట్వారీ, పంచె ఎగగట్టి తన అంగీ తనే ఉతుక్కున్నాడు. బట్టలు ఉతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది, కాలర్ అయితే ఎంతకీ వదలదు. పెళ్లయ్యాక నా భార్య అడిగితే, "ముసల్దయింది, కండ్లు కనబడ్తలేవు" అన్నాను. ఆమె మీద ఇంకో అబద్ధం.

ఒకసారి రేవు దారిలో ఎదురైంది. నెత్తిన మూట, పక్కన ఎవరూ లేరు. నేనే ఆపాను.

"నా బట్టలు ఎందుకు ఉతుకుతలేవు?"

"నీ మాట మీద ఒక్కసారి ఉతికిన గద" అంది. గొంతులో వేడి లేదు. "ఇగ నీ మాట మీద ఉతకను సిన్న పంతులూ. ఉతకాల్నంటె నలుగుట్ల చెప్పు. ఆ దినం ఉతుకుమన్నది నేనే అని చెప్పి, ఇప్పుడు గూడ ఉతుకుమను. ఉతుకుత."

"ఇప్పుడు చెప్తె ఏం లాభం? అయిపోయింది గద."

"నాకు గావాలె" అంది. "ఇంకో మాఘంల తెర ముందట నిలబడాలె నేను. నా పెద్దకోడలికి ముడి నేర్పాలె. నువ్వు చెప్తె పటేలు ఇంటడు."

అంతకంటే తేటగా ఎవరూ నన్ను ఏదీ అడగలేదు. ఒక్క వాక్యం, నలుగురి ముందు. చూద్దామన్నాను. పట్వారీలు అందరికీ చెప్పే మాటే అది. ఆమె తల ఊపలేక, నెత్తి మీది మూట కింద నుంచి కళ్లతోనే సరేనంది. ఆ మాఘం పోయింది, ఆ పై మాఘం పోయింది. ప్రతి ఏడూ అనుకున్నాను, ఈసారి చావడిలో చెప్పేస్తానని. ఒక ఏడు కొత్త అంగీ కూడా వేసుకుని వెళ్లాను. వెళ్లి వానల గురించి మాట్లాడి వచ్చాను. బొమ్మలాట మేళం రెండేళ్లు వచ్చింది. తెర కట్టింది డేరా కూలీలు. మేళం పెద్ద దండం పెట్టి, అలవాటుగా పక్కకు తిరిగి, అక్కడ ఎవరూ లేక, కాసేపు అలాగే ఉండి మద్దెలవాడికి సైగ చేశాడు. మూడో ఏడు ఆ మేళం రాలేదు. రమ్మని ఎవరూ కబురు పెట్టలేదు కూడా, సినిమా ఉంది కదా. ప్రతి వారం నా బట్టలు వేసిన మడతలోనే తిరిగి వచ్చాయి. ఒక్క వారం తప్పలేదు. ఆమెకు జ్వరం వచ్చిన వారం కూడా.

ఆమె పోయిన రోజు నేను వెళ్లలేదు. మూడోనాడు, చిన్నదినం అయ్యాక చాకలివాడకు వెళ్లాను. ఆ వాడలో నేను అడుగుపెట్టడం అదే మొదలు. పట్వారీ వచ్చాడని మంచం వాల్చారు, కూర్చోలేదు. ఆమె కొడుకు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అతని కోడలు, భార్య, ఇంకెవరో ముసలాళ్లు ఇద్దరు వాకిట్లో ఉన్నారు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పోయి, ఒక్కటే మిగిలింది.

"ఆ దినం తెర ఉతుకుమని మీ అమ్మకు చెప్పింది నేను" అన్నాను.

ఏడేళ్లు మోసిన మాట. నేల కుంగుతుందనుకున్నాను. అతను ఇంకా చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఎరుకనే పంతులూ" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"ఆ దినం నుంచే. అమ్మ రేవు కాడికి తెర తెచ్చినప్పుడే చెప్పింది, సిన్న పంతులు ఉతుకుమన్నడు, జల్ది కానియ్యుండ్రి అని. మేమందరం కలిసే ఉతికితిమి గద. ఈ వాడంతా ఎరుకనే. కింది వాడోళ్లకు గూడ ఎరుకనే."

వాకిట్లో ముసలాళ్లు తలలు ఊపారు. కోడలు పిల్ల కూడా ఊపింది, ఆ సంగతి జరిగినప్పుడు ఆమె ఈ ఊరికే రాలేదు. ఏడేళ్లుగా ఈ మనుషులు ఎదురుపడి దండాలు పెట్టారు. కాగితాలకు వచ్చారు, నన్ను అయ్యా అన్నారు. నా గుట్టు తెలియనిది మా నాలుగిళ్లకే.

"మరి ఒక్కనాడన్న అడగలే?"

"అడుగుతనన్న నేను. అమ్మే వద్దన్నది. 'నువ్వు అడిగితె కాదంటడురా. కాదన్నంక ఆ మనిషి మొగం ఎట్ల సూస్తం, రేపు ఆ ఇంటికే పోయి మూట తేవాలె గద. ఆయనంతట ఆయన చెప్పనియ్యి' అన్నది. చెప్తడు చెప్తడు అనుకుంటనే ఉండె. మొన్న మాఘంల గూడ అడిగింది నన్ను, పంతులు ఏమన్న అన్నడా అని."

నేను ఏదో అనబోయాను. తప్పయిందనే అనబోయి ఉంటాను. అతను వినే మొహం పెట్టలేదు. కసిరే మొహమూ కాదు. పని ఉన్న మనిషి మొహం.

"నాకు చెప్పి ఏం జేస్తవు పంతులూ" అన్నాడు. "మాకు ఎరుకైన ముచ్చటనే గద. చెప్పేటిది ఈడ గాదు. పటేలు చావడిలనే ఉన్నడు, ఇప్పుడే సూసొచ్చిన. సేటు గూడ ఉన్నడు."

చాకలివాడ నుంచి మా ఇంటికి చావడి ముందు నుంచే దారి, పట్టుమని వంద అడుగులు ఉండదు. నేను వాగులోకి దిగి, తోటల వెంట తిరిగి ఇంటికి వచ్చాను.